బండ, బోరు, బిందె

కర్ణాటకలోని బాగేపల్లి నుంచి చింతామణికి బస్సులో పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా ముందు బండ కనిపిస్తుంది, ఆ తర్వాతే పొలం. ఊరి వెనక గుట్ట బండ. గడప బండ, అరుగు బండ, ద్రాక్షతోట పందిరికి నిలబెట్టినవి రాతి కూసాలు. చిక్కబళ్లాపురం నెత్తిన నిలబడ్డ నంది కొండ 1478 మీటర్ల ఎత్తున్న రాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం మాట్లాడుకునే ఈ సీమలో, కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ తత్వాలు చెప్పిన ఈ నేలలో, బండను చూసి భయపడ్డవాళ్లు లేరు. ఇల్లు కట్టేవాళ్లు మాత్రం ఈ మధ్య ఒక మాట అడుగుతున్నారు: “గ్రానైట్‌లో రేడియేషన్ ఉంటుందంట కదా, ఇంట్లో పరవచ్చా?”

ఉంటుంది. పరవచ్చు. రెండు జవాబులూ నిజమే, వాటి లెక్క కాసేపట్లో చెప్తాను. అయితే ఆ మాట అడిగే ఇళ్లలో చాలావాటికి తాగునీళ్లు అదే బండలో వెయ్యి అడుగులు దాటి దించిన బోరు నుంచి వస్తున్నాయి. నేల మీద పరిచిన బండ కన్నా ఆ బండ సందుల్లోంచి తోడుకున్న నీళ్ల గురించే ఎక్కువగా అడగాలి. ఈ అధ్యాయం ముఖ్యంగా దాని కోసమే.

ముందు రాయి సంగతి. ఇక్కడి గ్రానైట్‌లకు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన శిలాద్రవం చల్లబడేటప్పుడు అన్ని మూలకాలూ ఒకేసారి గట్టిపడవు. ఇనుము, మెగ్నీషియం ముందుగానే స్ఫటికాల్లో కుదురుకుంటాయి. యురేనియం, థోరియం అయాన్లు పెద్దవి, ఆ స్ఫటికాల్లో వాటికి చోటు దొరకదు. కాబట్టి చివరిదాకా మిగిలిన ద్రవంలోనే అవి పోగవుతాయి. ఆ చివరి ద్రవం గట్టిపడి అయ్యేదే గ్రానైట్. భూమి పైపొరలో సగటున టన్ను రాతికి 3 గ్రాముల లోపు యురేనియం ఉంటే, గ్రానైట్‌లో సాధారణంగా 4, 5 గ్రాములు ఉంటుంది. థోరియం 15 నుంచి 20 గ్రాములు. ఇక పొటాషియం దాదాపు నూటికి నాలుగు పాళ్లు. అందులో పదివేలకు ఒక పాలు కన్నా కొంచెం ఎక్కువ పొటాషియం-40, అది కూడా రేడియోధార్మికమే. గులాబీరంగు గ్రానైట్‌కు ఆ రంగునిచ్చే ఫెల్డ్‌స్పార్ పలుకుల్లో ఉండే పొటాషియం ఇదే.

టన్నుకు 5 గ్రాములంటే గనికి పనికొచ్చే సరుకు కాదు. నంది కొండల వైపు పుట్టే పాపఘ్ని నది కడప జిల్లాలోకి దిగి వేంపల్లె మీదుగా పోతుంది. ఆ పక్కనే తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అక్కడి డోలమైట్ సున్నపురాతిలో టన్నుకు సుమారు 400 గ్రాములు దొరుకుతుంది, అంటే మన గ్రానైట్‌కు దాదాపు వంద రెట్లు. ఆ రాతి పొరలు ఏర్పడ్డ పురాతన సముద్రంలోకి యురేనియం చుట్టుపక్కల గ్రానైట్‌ల నుంచే కరిగి చేరిందని భూశాస్త్రజ్ఞుల అభిప్రాయం. గ్రానైట్ నుంచి నీరు యురేనియంను తీసుకుపోగలదన్న మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

రాతిలో రేడియోధార్మికత కంటికి కనపడదంటారు. సూక్ష్మదర్శిని ఉంటే కనపడుతుంది. గ్రానైట్ ముక్కను మిల్లీమీటరులో 3 శాతం మందానికి అరగదీసి గాజు పలక మీద అంటించి చూస్తే, అందులోని నల్ల అభ్రకం తేనె రంగులో వెలుగు పారనిస్తుంది. ఆ అభ్రకం రేకు మధ్యలో అక్కడక్కడా ఇసుక రేణువు కన్నా ఎంతో చిన్న జిర్కాన్ పలుకు ఉంటుంది. దాని చుట్టూ గుండ్రంగా ఒక ముదురు మచ్చ. జిర్కాన్‌లో చిక్కుకున్న యురేనియం, థోరియం పరమాణువులు విచ్ఛిన్నమవుతూ విసిరిన ఆల్ఫా కణాలు అభ్రకంలోకి మిల్లీమీటరులో రెండు మూడు నాలుగు శాతాల దూరం దూసుకుపోయి ఆగిన చోటు అది. కోట్ల ఏళ్లుగా అలా తగిలిన దెబ్బలకు అభ్రకం నల్లబడింది. ఐర్లండ్ శాస్త్రవేత్త జాన్ జోలీ 1907లో ఈ మచ్చలకు కారణం రేడియోధార్మికతేనని గుర్తించాడు. నాకు ఈ మచ్చ చాలా ఇష్టమైన దృశ్యం. ఆల్ఫా కణం ఎంత బలంగా కొడుతుందో, ఎంత తక్కువ దూరంలో ఆగిపోతుందో రెండూ ఒక్కచోటే చూపిస్తుంది. రాతి బయట నిలబడ్డ మనిషిని ఆ కణం చేరలేదు. ఆ కణాన్ని విసిరే పరమాణువే మనిషి లోపలికి చేరితే లెక్క మారిపోతుంది.

యురేనియం-238 ఒక్క దెబ్బతో సీసంగా మారదు. పద్నాలుగు మెట్లు దిగుతుంది. దాని అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు, అందుకే నంది కొండ పుట్టినప్పుడున్న యురేనియంలో మూడింట రెండు వంతులు ఇంకా అలాగే ఉంది. పొటాషియం-40 అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు, ఆనాటి దానిలో పావు వంతే మిగిలింది. అంటే ఈ బండ పుట్టినప్పటి కన్నా ఇప్పుడు చల్లారి ఉంది. యురేనియం దిగే మెట్లలో మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి రేడియం, అర్ధాయువు 1600 ఏళ్లు. అది విచ్ఛిన్నమైతే పుట్టేది రాడాన్, అర్ధాయువు 3.8 రోజులు. ఈ వరసలో వాయువు రాడాన్ ఒక్కటే. మిగతావన్నీ పుట్టిన రాతిలోనే ఉండిపోతే, ఇది మాత్రం రాతి సందుల్లోంచి బయటికి నడిచొస్తుంది.

ఇప్పుడు పరిచే బండ లెక్క. కిలో రాతిలో సెకనుకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో బెక్వెరెళ్లలో కొలుస్తారు. టన్నుకు 5 గ్రాముల యురేనియం, 20 గ్రాముల థోరియం, నూటికి 4 పాళ్ల పొటాషియం ఉన్న ఒక మాదిరి గ్రానైట్‌ను తీసుకుందాం. కిలోకు యురేనియం వరస నుంచి 62, థోరియం నుంచి 81, పొటాషియం నుంచి 1250 బెక్వెరెళ్లు వస్తాయి. ఈ మూడింటి గామా కిరణాల బలం ఒకటి కాదు కనుక, థోరియంను 1.43తో, పొటాషియంను 0.077తో గుణించి కలుపుతారు. దాన్ని రేడియం సమాన విలువ అంటారు. మన రాతికి అది సుమారు 274. ఇల్లు కట్టే సామగ్రికి ప్రపంచమంతా వాడే హద్దు 370. ఈ హద్దు గోడలు, కప్పు, నేల అన్నీ ఆ రాతితోనే కట్టిన ఇంటికి వేసింది. రెండు సెంటీమీటర్ల పలకలు నేల మీద మాత్రమే పరిస్తే పడేది అందులో చిన్న భాగం. మన ఒంట్లోని పొటాషియమే సెకనుకు నాలుగు వేల పైచిలుకు విచ్ఛిన్నాలు చేస్తోంది. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ ఎటూ పడుతూనే ఉంటుంది. బండ పరవడానికి జంకక్కర్లేదు.

ఇందులో ఒక షరతు ఉంది, అది గాలి. రాతితో కట్టి, కిటికీలు బిగించి, రాత్రంతా ఏసీ వేసుకునే గదిలో రాడాన్ పేరుకుంటుంది. రాడాన్ కన్నా దాని పిల్లలతోనే ఎక్కువ చేటు. దాని నుంచి పుట్టే పొలోనియం వంటివి ఊపిరితిత్తుల్లో అతుక్కుని అక్కడే ఆల్ఫా కణాలు విసురుతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కారణాల్లో పొగ తాగడం తర్వాతి వరుసలో రాడాన్‌ను లెక్కేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటి గాలికి ఘనపు మీటరుకు 100 బెక్వెరెళ్లను హద్దుగా సూచించింది. పాతకాలపు ఇళ్లలో నడవాలోంచి గాలి ఆడేది. కొత్త ఇళ్లలోనూ రోజుకు రెండు పూటలా కిటికీలు తెరిస్తే చాలావరకు పని అయిపోతుంది.

క్వారీలో, క్రషర్‌లో పనిచేసేవాళ్ల విషయం వేరు. వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ములో యురేనియం లెక్కలోకి రానంత తక్కువ, సిలికా చాలా ఎక్కువ. రేడియేషన్ మాట ఎత్తి సిలికోసిస్‌ను మరిస్తే ఆ కూలీలకు అన్యాయం చేసినట్టే. అక్కడ కావలసింది నీళ్లు చల్లి దుమ్ము అణచడం, సరైన మాస్కు, ఏటేటా ఛాతీ పరీక్ష.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం.

ఈ సీమ నదుల పుట్టిల్లు. పెన్న, పాలారు, చిత్రావతి, పాపఘ్ని ఇక్కడి కొండల వైపే పుట్టాయి, అయినా ఏడాది పొడవునా పారే నీరు ఒక్కదానిలోనూ లేదు. పెద్దలు అందుకే ఒకదాని అలుగు మరొకదానికి చేరేలా చెరువులు కట్టారు. చెరువు కింద బావి, బావి మీద కపిలి. ఆ బావి నీళ్లు బండ మీదున్న మెత్తటి మన్నులో, పొరలు లేచిన రాతిలో ఊరినవి. అవి ఆ ఏడాది వాననో, ముందటేడాది వాననో. రాతితో వాటికి పట్టుమని పరిచయం లేదు.

తర్వాత కరెంటు మోటారు వచ్చింది, బోరు లారీ వచ్చింది. బోరు వేస్తుండగా దగ్గర నిలబడి చూస్తే నేల లోపలి కథంతా బయటికొస్తుంది. మొదట ఎర్రమన్ను, తర్వాత మొరం. గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించుతారు. అక్కడి నుంచి కింద అడ్డు ఏమీ లేదు, బోరు గోడ అంతా వట్టి బండ. బూడిదరంగు పొడి గాలికి లేచి చుట్టూ ఉన్నవాళ్ల తలల మీద పడుతుంటుంది. రైతు కళ్లు ఆ పొడి మీదే ఉంటాయి, ఎప్పుడు తడి అవుతుందా అని. “గ్యాప్ తగిలింది” అని డ్రిల్లర్ అరిస్తే ప్రాణం లేచొస్తుంది. ఒకటిన్నర ఇంచా, రెండు ఇంచులా అని నీళ్లు కొలుస్తారు. ఆ గ్యాప్ అంటే బండలో ఎన్నో యుగాల కిందట పడ్డ పగులు. అందులోని నీరు అక్కడికి చేరి ఎన్నేళ్లయిందో ఆ గుంపులో ఎవరూ అడగరు. కేంద్ర భూగర్భ జల మండలి చిక్కబళ్లాపురం జిల్లాను వానల వల్ల చేరేదాని కన్నా తోడేది ఎక్కువైన ప్రాంతంగా ఎప్పటినుంచో లెక్కిస్తోంది. మూడు వందల అడుగుల బోరు ఎండితే ఆరు వందలు, అది ఎండితే పన్నెండు వందలు.

కాఫీ పొడి ఎంతసేపు నానితే డికాక్షన్ అంత చిక్కగా దిగుతుంది. ఇక్కడా అంతే, కాకపోతే నానడం వందల, వేల ఏళ్ల పాటు సాగుతుంది. రసాయనం ఇలా నడుస్తుంది. రాతిలో నాలుగు వేలెన్సీతో ఉన్న యురేనియం నీటిలో కరగదు. ఆక్సిజన్ తగిలితే అది ఆరు వేలెన్సీకి మారి, యురనైల్ అయాన్‌గా కరుగుతుంది. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని ఫెల్డ్‌స్పార్‌ను కొరికినప్పుడు నీటిలో బైకార్బొనేట్ పెరుగుతుంది. ఈ బైకార్బొనేట్, దానికి తోడు కాల్షియం, యురనైల్‌ను పట్టుకుని తిరిగి రాతికి అంటకుండా నీటిలోనే నిలబెడతాయి. నీటిమట్టం పడిపోతే గాలి మరింత లోతుకు దిగుతుంది. ఎరువుల నుంచి, మురుగు నుంచి వచ్చే నైట్రేట్ కూడా యురేనియంను కరిగే రూపంలోకి తోస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం 2018లో రాజస్థాన్, గుజరాత్ బావులను పరీక్షించి, దేశంలో మరెన్నో చోట్ల ఇదే పరిస్థితి ఉందని రాసినప్పుడు ఈ కారణాలనే చూపింది. రాతిలో యురేనియం ఉండటం ప్రకృతి పని. దాన్ని బిందెలోకి తెచ్చింది మనం తోడిన తీరు.

2021 డిసెంబరులో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన దివేచా కేంద్రం పరిశోధకులు, మంగళూరు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కలిసి తూర్పు కర్ణాటకలో 73 ఊళ్ల తాగునీటి బోర్లను పరీక్షించారు. 57 ఊళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటింది. 48 ఊళ్లలో 60 దాటింది. వెయ్యి దాటిన ఊళ్లు తుమకూరు, చిత్రదుర్గ జిల్లాల్లో ఒక్కొక్కటి, కోలారులో ఐదు, చిక్కబళ్లాపురంలో ఏడు. లీటరుకు వెయ్యి మైక్రోగ్రాములంటే ఒక మిల్లీగ్రాము. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే అందులో ఒక గ్రాము. పావు టన్ను కొండరాతిలో ఎంత ఉంటుందో అంత.

హద్దు ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు అంది, 2004లో 15, 2011లో 30. ఈ 30 కూడా తాత్కాలికమేనని అదే చెప్పింది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి పట్టికలో చాలాకాలం యురేనియం గడి లేదు, చేర్చినప్పుడు 30నే తీసుకుంది. హద్దులు మారడం చూసి ఇదంతా ఊహేనని కొట్టిపారేయకూడదు. ఎలుకల మీద చేసిన పరీక్షల నుంచి మనుషుల మీద చేసిన పరిశీలనలకు వచ్చేకొద్దీ అంకె కదిలింది. 30కి, 60కి మధ్య వాదన ఉండవచ్చు, వెయ్యి దగ్గర ఏ వాదనా లేదు.

యురేనియం అనగానే అందరికీ క్యాన్సరే గుర్తొస్తుంది. నీటిలోని యురేనియం విషయంలో ముందు చూడాల్సింది కిడ్నీలను. రోజుకు రెండు లీటర్ల చొప్పున, 30 మైక్రోగ్రాముల నీటిని ఏడాదంతా తాగితే పడే రేడియేషన్ 0.025 మిల్లీసీవర్ట్‌లు, అంటే ప్రకృతి ఎటూ ఇచ్చేదానిలో వందో వంతు. వెయ్యి మైక్రోగ్రాముల నీటికి అది 0.85 అవుతుంది. తాగునీటి ద్వారా ఏడాదికి 0.1 మించకూడదన్నది ఆరోగ్య సంస్థ గీత. అంటే ఆ ఏడు ఊళ్లలో అది ఎనిమిది రెట్లకు పైనే. రసాయన విషం దీనికన్నా ముందే పని మొదలుపెడుతుంది. తాగిన యురేనియంలో నూటికి ఒకటి రెండు పాళ్లే పేగుల నుంచి రక్తంలోకి పోతాయి, మిగతాది మలంలో పోతుంది. రక్తంలోకి పోయినది మూత్రంలో బయటికొచ్చే దారిలో కిడ్నీ గొట్టాల లోపలి కణాలను గాయపరుస్తుంది. కొంత ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మనలాగే గ్రానైట్‌లో బోర్లు వేసుకుని బతికే దేశం ఫిన్లాండ్. 2002లో అచ్చయిన ఒక పరిశీలన కోసం అక్కడ అలాంటి నీరు తాగే 325 మందిని పరీక్షించారు. వాళ్ల నీటిలో యురేనియం గరిష్ఠంగా లీటరుకు 1900 మైక్రోగ్రాములు దాటింది. యురేనియం పెరిగేకొద్దీ మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోవడం కనిపించింది, కిడ్నీ వడపోత శక్తి తగ్గినట్టు మాత్రం తేలలేదు. ఇది కాస్త ఊరటనిచ్చే మాటే, కానీ బాగేపల్లి రైతుకు పూర్తిగా వర్తించదు. మే నెల ఎండలో టమాటా తోటలో పనిచేసే మనిషి ఫిన్లాండ్ మనిషి కన్నా చాలా ఎక్కువ నీళ్లు తాగుతాడు. అదే నీటిలో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. పళ్ల మీద గార కట్టిన పిల్లల్ని ఈ తాలూకాలో ఏ బడికి పోయినా చూడవచ్చు. రెండూ కలిసి ఒకే ఒంట్లో ఏం చేస్తాయో ఇక్కడి జనంలోనే, ఇక్కడి డాక్టర్లే పరిశీలించాలి. కిడ్నీ జబ్బులకు మధుమేహం, రక్తపోటు వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ప్రతి డయాలసిస్ రోగినీ చూపించి యురేనియం అనడం తప్పు. లెక్క తీయకుండా కాదనడం కూడా అంతే తప్పు.

యురేనియంకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. నీటిలో కలిసిన రాడాన్ మాత్రం మరిగిస్తే పోతుంది, రాత్రి బిందెలో నిలవ ఉంచినా కొంత తగ్గుతుంది. ఫిల్టర్ నీళ్ల వ్యాపారులు చూపించే టీడీఎస్ మీటరు యురేనియంను కనిపెట్టలేదు. లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాల మధ్య ఒక మిల్లీగ్రాము దాని కంటికి ఆనదు. దీనికి వేరే పరీక్ష ఉంది. యురేనియంను కాంతితో మెరిపించి కొలిచే ఫ్లోరిమీటర్ పెద్ద ఖరీదైన యంత్రమేం కాదు, జిల్లా ప్రయోగశాలలో ఒక్కటుంటే చాలు. ఒక ఊరికి ఒక నమూనా అంటే కుదరదు. ఒకే వీధిలో రెండు బోర్లకు రెండు వేర్వేరు పగుళ్లు తగులుతాయి, ఒకదానిలో 20 ఉంటే పక్కదానిలో 400 ఉండవచ్చు. లోతైన బోరు అయినంత మాత్రాన చెడ్డదనీ చెప్పలేం. పంచాయతీ నీళ్లిచ్చే ప్రతి బోరునూ విడిగా, ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూడాలి. తక్కువున్న బోరును తాగడానికి, ఎక్కువున్న బోరును బట్టలకూ స్నానాలకూ వాడుకోవచ్చు, యురేనియం చర్మం గుండా దాదాపు లోపలికి పోదు. ఒక్క పరీక్ష చీటీతో, శుద్ధి యంత్రం ఏదీ లేకుండా అయ్యే పని ఇది.

చెరువులు నింపడం అసలు మందు. వాన నీరు కిందికి దిగితే పాత నీరు పలచబడుతుంది, మట్టం పైకొస్తుంది. బెంగళూరు మురుగును శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార పథకం కింద ఈ జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువులో నీళ్లు చూసి రైతు సంతోషించడం సహజం, నేనూ సంతోషిస్తాను. ఆ నీటిలో నైట్రేట్ ఎంతుందో, చుట్టుపక్కల బోర్లలో యురేనియం ఎటు కదులుతోందో నెలనెలా కొలిచి ఊరి గోడ మీద రాయాలని కూడా అడుగుతాను.

అంతవరకూ ఊళ్లను కాపాడుతున్నది ఆర్‌ఓ (రివర్స్ ఆస్మాసిస్) నీటి శుద్ధి ఘటకమే. బిళ్ల వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. బాగున్న మెంబ్రేన్ (వడపోత పొర) యురేనియంలో నూటికి తొంభై పైనే ఆపుతుంది, పాతబడితే వదిలేస్తుంది, అందుకే క్యానులోకి వచ్చే నీటినీ పరీక్షించాలి. ఆపిన యురేనియం ఎక్కడికీ పోదు. సగం నీరు శుద్ధమై సగం వృథాగా పోయే యంత్రంలోకి లీటరుకు 500 మైక్రోగ్రాముల నీరు పోస్తే, వెనక పైపులోంచి వచ్చే నీటిలో దాదాపు వెయ్యి ఉంటుంది. చాలా ఊళ్లలో ఆ పైపు పక్కనున్న కాలువలోకి పోతుంది. కాలువ కుంటలోకి పోతుంది. కొన్నిచోట్ల దాన్నే పశువుల తొట్టికి మళ్లిస్తారు, నీళ్లు వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతోనే. ఘటకం పెట్టేటప్పుడే ఆ వెనక నీటికి వేరే గుంట, అడుగున ఇంకకుండా గచ్చు, ఎండలో ఆవిరయ్యే ఏర్పాటు, మిగిలిన మడ్డిని ఎవరు తీసుకుపోవాలో టెండరు కాగితంలోనే రాసి ఉండాలి. ఇప్పటికే పెట్టిన ఘటకాలకు ముందు ఆ పైపును తొట్టి నుంచి తప్పించాలి.